మందలో చిటికె వేయరాదు

ఎర్రన్నకు ఆవలింత వస్తే చేతిలో పని వదిలేస్తాడు. ముళ్ళకంప పక్కకు జరిపి, గొర్రెల రొప్పంలోంచి బయటికి వస్తాడు. కాస్త దూరం నడిచి, మందకు వీపు పెట్టి నిలబడి, అప్పుడు నోరు తెరుస్తాడు. నోటి ముందు చిటికె వేసుకుంటాడు. మళ్ళీ లోపలికి పోయి కంప మూస్తాడు. వచ్చిన ఆవలింత అంతసేపు ఎలా ఆగుతుందని ఊరికి కొత్తగా వచ్చినవాళ్ళు అడుగుతారు. ఆగుతుంది. ఎర్రన్న ఆవలింతకు ఓపిక నేర్పాడు.

బెళుగుప్ప చుట్టుపక్కల అతణ్ణి కట్టువేళ్ళ ఎర్రన్న అంటారు. ఇప్పుడు అతని వేళ్ళకు ఏ కట్టూ లేదు. ఒక వానాకాలంలో కొన్నాళ్ళు ఉండేది. పేరు పెట్టడానికి ఊరికి అంతమాత్రం చాలు.

అతను పుట్టుకతో గొర్రెలవాడు కాదు. కులం గొర్రెలదే, కానీ తండ్రి కాలంలోనే కదిరికి చేరి మూటలు మోసిన ఇల్లు. ఎర్రన్న బుడ్డలు, అంటే వేరుశనగకాయలు, ఒలిచే మిల్లులో రాత్రి పనికి కుదిరాడు. అక్కడ కొందరు దగ్గు తెచ్చుకున్నారు, కొందరు చెవుడు తెచ్చుకున్నారు. ఎర్రన్న ఆవలింత తెచ్చుకున్నాడు. నోరు తెరిస్తే వెనక పళ్ళు లెక్కపెట్టొచ్చు. ఆ నోటి ముందు వేసే చిటికె మిల్లు మోత దాటి రోడ్డవతలి టీ అంగడికి వినిపించేది. టీ కోసం పిలిచాడనుకుని గ్లాసు పంపేవాళ్ళు. వచ్చిన టీని వెనక్కి పంపడం మర్యాద కాదు గనుక తాగేవాడు. తాగినా ఆవలింతలు తగ్గలేదు.

రెండువేల ఒకటిలో బెళుగుప్ప పక్క పల్లెకు ఇల్లరికం వచ్చాడు. భార్య గంగాదేవి. అత్త తిమ్మక్క. మగదిక్కు లేని ఇల్లు, కానీ దిక్కులేని ఇల్లు కాదు. మొగుడు పోయినప్పటి నుంచి తిమ్మక్కే దుడ్డుకర్ర పట్టుకుని మంద వెంట తిరిగింది. మంద ఆమె మాట వింటుంది. ఊరు కూడా చాలామటుకు వింటుంది.

వచ్చిన మర్నాడే ఎర్రన్న రొప్పంలోకి అడుగుపెట్టాడు. గొర్రెల వెచ్చదనానికి ఆవలింత వచ్చింది. చేయి నోటి ముందుకు లేచింది. చిటికె పడకముందే మణికట్టు మీద దుడ్డుకర్ర పడింది.

“ఏమప్పా అల్లుడా! రొప్పంలో చిటికె వేస్తారా యాడన్నా?”

“ఆవలింత వచ్చినాది అత్తా. చిటికె వేసుకోకుంటే నోట్లోకి ఏందో దూరుతాదంటారు గదా.”

“మీ కదిరిలో దూరుతాదేమో. ఈడ ఈగ తప్ప ఇంకేమీ దూరదు. బయటికి పోయి వేసుకో.”

ఎర్రన్న బయటికి పోయాడు. అప్పటికి ఆవలింత పోయింది. ఊరికే నిలబడి ఒక చిటికె వేసి వచ్చాడు, అత్త మాట కోసం.

ఆ సాయంత్రం రొప్పం బయట బండ మీద కూర్చుని తిమ్మక్క అతనికి ఒక మాట పుట్టుక చెప్పింది.

“చిటుక అంటే తెలుసునా నీకు?”

“గొర్రెల రోగం గదా.”

“రోగమే. ఏం రోగం? దగ్గదు. పారుకోదు. బాగా మేసిన గొర్రె, బలంగా ఉన్న గొర్రె, నిలబడిన చోట ఎగిరి ఒక గంతు వేస్తాది. పడతాది. మెడ వెనక్కి విరుచుకుంటాది. అంతే. మనోళ్ళకు దానికి పేరు పెట్టే తీరిక కూడా లేకపోయె. మా తాతల కాలంలో ఒకాయప్ప మంద దగ్గరనుంచి ఊళ్ళోకి పరుగెత్తి వచ్చినాడంట. ఏమైందప్పా అని అడిగితే నోట మాట రాల్యా. వేళ్ళు ఎత్తి ఇట్లా వేసి చూపించినాడంట.” చూపించబోయి ఆమె చేయి ఆపుకుంది. రొప్పం ఇంకా దగ్గరగానే ఉంది. “ఆ చిటికే పేరైపోయినాది. అందుకే మందలో ఎవరూ చిటికె వేయరు. ఆవలింత వచ్చినా సరే, పాట వచ్చినా సరే.”

ఎర్రన్న తల ఊపాడు. పెద్ద పెద్ద ఊళ్ళలో కూడా ఇంత మంచి కారణంతో ఏ పేరూ పుట్టి ఉండదనుకున్నాడు.

తర్వాత వచ్చినవి కరువు ఏళ్ళు. వాన పడితే దుమ్ము అణగడానికే చాలేది. గొర్రెలు వేపాకు తిన్నాయి, తుమ్మకాయలు తిన్నాయి, బస్టాండు గోడమీద సినిమా పోస్టర్ల బంక నాకాయి. ఎర్రన్న దూరం నుంచి శనక్కట్టె, కాయలు తెంపిన ఎండు వేరుశనగ మొక్కలు, మోపులుగా మోసుకొచ్చాడు. నీళ్ళు మోశాడు. నడవలేని పిల్లల్ని భుజాన వేసుకున్నాడు. మందను తోలే పని మాత్రం రాలేదు. కర్ర తిమ్మక్క చేతిలోనే ఉంది. ముందు అత్త, అత్త వెనక గొర్రెలు, గొర్రెల వెనక అల్లుడు. ఆ వరుస చూసి ఊరు నవ్వుకునేది. అతను కూడా నవ్వేవాడు, కాకపోతే ఒక్కో పొద్దు మెల్లగా.

రెండువేల అయిదులో మృగశిరలో వాన పడింది. పడి ఆగలేదు. వంక పారింది. వారం తిరిగేలోపల వంక ఒడ్డున పచ్చిక లేచింది. అంత పచ్చదనం చూసి చాలా రోజులైన వాళ్ళు ఊరికే పోయి చూసి వచ్చారు.

అప్పుడే మడకశిర నుంచి కబురు వచ్చింది. అక్కడ ఇచ్చిన పెద్దకూతురికి నెలలు నిండాయి. తిమ్మక్క వెళ్ళక తప్పదు. సంచి సర్దుకుని, కర్రను వాకిట్లో గోడకు ఆనించి, అల్లుణ్ణి పిలిచింది.

“కర్ర ఈడ పెట్టి పోతాండా. మూడు మాటలు విను. బెళుగుప్పలో సంతనాడు గొడ్ల ఆస్పత్రిలో సూదులు వేస్తారు. మందను ఆడికి తోలు. రెండోది, గడ్డి ముదిరేదాకా మందను వంకకు తోలద్దు. పొద్దున శనక్కట్టె వెయ్యి. పొద్దెక్కి, మంచు ఆరినాక గుట్టకు తోలు. ఆకలి ఇంకా ఉండంగనే మళ్ళించుకుని రా. మూడోది తెలుసు గదా?”

“చిటికె వేయకూడదు.”

“ఊఁ. నేను వచ్చేతలికి మంద నిలబడి ఉంటే ఇంక మంద నీది. లేదంటే మా తమ్ముని కొడుకు తిప్పేష్ ఉండాడు, వాడు తోలుకుంటాడు. నువ్వు కదిరికి పోయి బుడ్డలు ఒలుచుకో.”

బస్సెక్కించి వచ్చిన ఎర్రన్న కర్ర పట్టుకుని చూసుకున్నాడు. తన కొలతకు కాస్త పొట్టి. అయినా బాగుంది.

మూడు మాటల్లో అతనికి గట్టిగా పట్టింది మూడోది. మొదటి రెండూ ఎవరైనా చెప్పే మాటలు. మూడోది మర్మం తెలిసినవాళ్ళు చెప్పే మాట. పైగా తన శత్రువు ఎక్కడుందో అతనికి తెలుసు. తన నోట్లోనే ఉంది. ఆవలింత అడిగి రాదు. చేయి అతణ్ణి అడగకుండా లేస్తుంది. అందుకని ఉన్నిదారం తీసుకుని రెండు చేతుల నడిమి వేళ్ళకూ మందంగా చుట్టాడు. ఉన్ని చుట్టిన వేలు ఎంత కొట్టినా పలకదు. పరీక్షగా రొప్పం బయట నిలబడి రెండుసార్లు వేసి చూశాడు. చప్పుడు లేదు.

గంగాదేవి సంకటి పెట్టి ఆ వేళ్ళ వైపు చూసింది.

“ఇదో, ఎట్లా తింటావు?”

“ముద్ద మింగేదానికి నడిమి వేలెందుకు?”

“వేలు గూడా మింగుతావేమోనని అడిగినా.”

ఊళ్ళో కూడా అడిగారు. దెబ్బ తగిలిందా అన్నారు కొందరు. మందను కాపాడడానికని చెప్పాడు. కాపాడప్పా, కాపాడు అన్నారు.

మొదట్లో గుట్టకే తోలాడు. గుట్టమీద రాళ్ళ మధ్య పొట్టి గడ్డి. గొర్రెలు రెండు కొరుకులు కొరికి, తలలెత్తి, కింద వంక వైపు చూసేవి. అన్నీ ఒకేసారి చూసేవి. ఆ తర్వాత ఎర్రన్న వైపు చూసేవి. అన్నిటికంటే ఎక్కువగా నల్లపొట్టేలు చూసేది. కరువులో అతను భుజాన మోసి బతికించిన పిల్ల, ఇప్పుడు మెడ నిండా కండతో నిలబడిన పొట్టేలు. నీకు కూడా మనసు లేదా అన్నట్టు చూసేది.

పోస్టరు బంక నాకిన నోళ్ళు. కళ్ళముందు పచ్చిక. వద్దనడానికి ఎవరికి మనసొస్తుంది? కరువు చూడని సీమలో పుట్టిన కాపరికైతే వచ్చేదేమో. ఎర్రన్నకు రాలేదు. ఒక పొద్దున శనక్కట్టె కూడా వేయకుండా, మంచు తడి ఆరకముందే, కర్ర వంక వైపు చూపించాడు. మంద కర్రకంటే ముందే వెళ్ళింది.

ఊళ్ళో మిగతా మందలు గుట్టమీదే తిరిగాయి. పాపం, వీళ్ళకు వంక కనపడలేదా అనుకున్నాడు ఎర్రన్న. సంతరోజు వచ్చింది. సూదుల కోసం వరుసలో నిలబడితే పూట మేత పోతుంది, వచ్చే సంతకు చూద్దామనుకున్నాడు. సాయంత్రానికి గొర్రెల కడుపులు డప్పుల్లా అయ్యేవి. అతను వాటి మీద చేయి వేసి చూసుకునేవాడు, కట్టు వేలు తగలకుండా.

ఒక తెల్లవారుజామున కంప తీస్తుండగా, బాగా మేసిన ఒక పడుచు గొర్రె ఎవరో పేరు పెట్టి పిలిచినట్టు తల ఎత్తింది. ఎగిరి గంతు వేసింది. పడింది. కాళ్ళు గాలిలో పరుగెత్తాయి. మెడ వెనక్కి వంగింది. ఎర్రన్న దగ్గరికి చేరేలోపల అయిపోయింది.

అతను ముందుగా తన వేళ్ళు చూసుకున్నాడు. కట్టు చెక్కుచెదరలేదు. అయితే వేసిందెవరు?

ఇంట్లోకి పోయి గంగాదేవిని అడిగాడు.

“నువ్వుగాని రొప్పం దగ్గర చిటికె వేసినావా?”

“నాకు ఆవలించే తీరిక యాడుండాది?”

పక్కింటి నాగలక్ష్మమ్మను అడిగాడు. ఆమె పనిగట్టుకుని ఆలోచించి, నిన్న మనవణ్ణి ఆడించడానికి వేశానని, కానీ అది వీధికి ఆ చివరనని చెప్పింది. ఎర్రన్న ఆ దూరం మనసులో కొలిచాడు. కట్టు మరికాస్త బిగించాడు. మందను వంకకు తోలాడు.

అక్కడ ఇంకొకటి గంతు వేసింది.

అతను దాని పక్కనే చతికిలబడి ఉండగా ఒడ్డు మీద మోపెడ్ ఆగింది. బుడేన్ సాబ్. ఊరూరా తిరిగి జీవాలు కొని సంతల్లో అమ్మే మనిషి. నల్లపొట్టేలు మీద చాలాకాలంగా కన్నేసి, చూసిపోవడానికి అప్పుడప్పుడూ వస్తుంటాడు. వంకలోకి దిగి, పడిన గొర్రెను చూశాడు. పచ్చికలో మోకాళ్ళదాకా మునిగి మేస్తున్న మందను చూశాడు. చివరికి ఎర్రన్న వేళ్ళను చూశాడు.

“ఇదేందప్పా ఎర్రన్నా?”

“చిటికె పడకుండా కట్టుకున్నా సాబన్నా. ఒక్కసారి గూడా వేయల్యా. మా అత్తమీద ఒట్టు. అయినా వచ్చినాది.”

బుడేన్ సాబ్ నవ్వు ఆపుకోవడానికి గడ్డం పట్టుకున్నాడు. గడ్డం వల్ల కాలేదు.

“వేళ్ళకు కట్టినావు. బాగుంది. నోళ్ళకు ఎవరు కట్టల్ల?”

“ఏ నోళ్ళకు?”

“అదో, ఆ నోళ్ళకు! కరువులో ఎండిన కడుపులో ఒకేసారి ఇంత లేతగడ్డి పోస్తే ఏం గావల్ల? ఆ చిటుక నీ వేళ్ళలో యాడుందప్పా, ఈ వంకలో ఉండాది. మీ అత్త చెప్పల్యా?”

“చెప్పింది,” అన్నాడు ఎర్రన్న. చెప్పింది. రెండో మాటగా చెప్పింది. గుట్టమీద తిరిగే మందల వైపు అప్పుడు మొదటిసారి సరిగ్గా చూశాడు.

పచ్చికలోంచి ఆకలిగొన్న మందను లాగడం అంటే పెళ్ళి పంక్తిలోంచి చుట్టాలను లేపడం. ఒకపక్క బుడేన్ సాబ్ లుంగీ ఎగగట్టి అదిలిస్తుంటే, ఒకపక్క ఎర్రన్న అరుస్తూ కర్ర ఊపుతుంటే, మంద ఒక్కో కొరుకుకు ఒక్కో అడుగు వేసింది. నల్లపొట్టేలు తిరగబడి ఎర్రన్నను బురదలో పడగొట్టింది. ఎలాగో రొప్పం చేర్చి కంప మూశారు. బుడేన్ సాబ్ మోపెడ్ మీదే ఇద్దరూ ఆస్పత్రికి పోయారు.

ఆస్పత్రిలో ఉండేది డాక్టరమ్మ మల్లీశ్వరి. నెమ్మదైన మనిషి. ఎర్రన్న ఆయాసంతో చేతులు ఊపుతూ చెప్పబోతే ఆమెకు ముందు కట్లే కనిపించాయి.

“ముందు కూర్చో అన్నా. రెండు వేళ్ళూ నలిగినాయా? మందు వేస్తాను.”

“వేళ్ళకేం కాలేదమ్మా. గొర్రెలకు.”

బుడేన్ సాబ్ సంగతంతా చెప్పాడు, కొంచెం పెంచి. డాక్టరమ్మ నవ్వలేదు. సూదులపెట్టె తీసుకుని వెంటనే బయలుదేరింది. రొప్పం దగ్గర చచ్చిన గొర్రెను కోసి చూసింది, మిగతావాటికి వరుసగా సూదులు వేసింది. ఆ తర్వాత చేతులు కడుక్కుంటూ చిటుక అన్న పేరు ఎలా వచ్చిందని అడిగింది. ఎర్రన్న తిమ్మక్క చెప్పిన కథ చెప్పాడు. రొప్పానికి దూరంగా ఉన్నా చిటికె మాత్రం వేయలేదు, కట్టు వేలు ఎత్తి చూపించి ఊరుకున్నాడు.

“మంచి పేరు,” అన్నదామె. “మా పుస్తకంలో పెద్ద పేరుంది. పాతకాలపు దూరదేశం మాటలు కలిపి కట్టింది. దాని అర్థం, పేగులో పుట్టిన విషం నెత్తురులో కలవడం. తిండి ఎక్కువైతే పేగులో కంటికి కనపడని పురుగు పెరిగి విషం కక్కుతాది. మీ పేరు ఎంతసేపట్లో చంపుతాదో చెప్తుంది. మా పేరు ఎందుకు చంపుతాదో చెప్తుంది. ఒక్కటే పట్టుకుంటే నీ మాదిరి అవుతాది.”

“సూది వేసినారు గదమ్మా. ఇంక భయం లేదు గదా?”

“సూది పనిచేయడానికి రెండు వారాలు కావాల. అంతవరకు నువ్వే సూది.”

ఆ రెండు వారాలు ఎర్రన్న జీవితంలో అందరూ అతణ్ణి తిట్టిన కాలం. పొద్దున ఎండు శనక్కట్టె కొద్దిగా వేసేవాడు. పొద్దు బాగా ఎక్కాక గుట్టకు తోలి, కాసేపటికే మళ్ళించేవాడు. మంద రొప్పంలో నిలబడి అరిచేది. పగలంతా అరిచేది. ఊరంతా పచ్చిక వాసన, మధ్యలో ఈ ఏడుపు. నాగలక్ష్మమ్మ గోడమీది నుంచి, “కదిరి మిల్లులో కూడా బుడ్డల్ని ఇంత ఏడిపించరు గదప్పా,” అన్నది. తిప్పేష్ దారిన పోతూ ఆగి, మందను ఒక్కొక్కటిగా లెక్కపెట్టుకుని వెళ్ళాడు. అది తిట్టుకంటే ఎక్కువ తగిలింది.

గంగాదేవి కూడా ఒక పూట మెత్తబడింది.

“ఒక మోపు కోసుకొచ్చి వేద్దామా? ఒక్క మోపు.”

“ఒకసారి నాకు మనసు కరిగినాది, చాలు. ఇంక కరగదు.”

రొప్పం వాకిట్లో కంపకు అడ్డంగా కూర్చునేవాడు. లోపల నల్లపొట్టేలు అతని వైపు వీపు పెట్టి పడుకునేది. తల నిమరబోతే పక్కకు జరిగేది. మొదటి రోజుల్లో ఇంకొక పిల్ల గంతు వేసింది. దాన్ని కూడా, ముందు పోయిన రెంటి పక్కనే, తంగేడు పొద అవతల గొయ్యి తీసి పూడ్చాడు. ఆ తర్వాత ఏదీ గంతు వేయలేదు. కానీ ఎప్పుడు ఏ గొర్రె తల ఎత్తినా అతని గుండె గంతు వేసేది.

మడకశిర నుంచి తిమ్మక్క వచ్చింది. మనవరాలు పుట్టింది. సంచి గంగాదేవి చేతికిచ్చి, నీళ్ళు కూడా తాగకుండా రొప్పంలోకి పోయింది. ఒక్కో గొర్రెనూ తడిమింది. డొక్కలు చూసింది. తంగేడు పొద అవతలి కొత్తమట్టి చూసింది. ఎర్రన్న వాకిట్లో నిలబడ్డాడు. కదిరి బస్సు ఎన్నింటికో అతనికి తెలుసు.

“మూడు పోయినాయి అత్తా. వంకకు తోలినా. సూది గూడా సంతనాడు వేయించల్యా. తప్పు నాదే.”

“తెలుసు. బుడేన్ సాబ్ బస్టాండులోనే కనపడినాడు. ఆ వేళ్ళ కథ చెప్తాంటే బస్సులోవాళ్ళు గూడా దిగి విన్నారు.” ఆమె ఒక గొర్రె కడుపు మీద చేయి వేసి ఉంచింది. “చిక్కినాయి.”

“చిక్కినాయి.”

“ఏడ్చినాయా?”

“ఊరంతా విన్నాది.”

“వినల్ల. ఈ కాలంలో మంద ఏడుస్తాంటే మంచి కాపరి ఉండాడని లెక్క.” ఆమె బయటికి వచ్చి బండ మీద కూర్చుంది. మోకాళ్ళు పట్టుకుంది. ఎర్రన్నకు అడగక తప్పలేదు.

“చిటికె వేస్తే రోగం వస్తాదా అత్తా, రాదా?”

“చిటికెకు ఏమొస్తాది? చప్పుడొస్తాది.”

“మరి?”

“మా మామ నీ మాదిరే మతిలేని మనిషి. పచ్చిక చూస్తే కరిగిపోయేటోడు. ఆవలింతకు చేయి లేచినప్పుడన్నా ఆ పేరు గ్యాపకం వచ్చి, మంద ఏం తింటాందో చూస్తాడని మా అత్త పెట్టిన కట్టు అది.”

“ఆ మాట ముందే చెప్పింటే అయిపోయేది గదా!”

“మా మామకు చెప్పింది. ఆ మర్నాటి నుంచి ఆయప్ప మందలో దర్జాగా చిటికెలు వేసినాడు.”

ఎర్రన్న ఉన్నిదారం విప్పడం మొదలుపెట్టాడు. చాలా చుట్లు. కింద చర్మం తెల్లగా, నాని, పసిపిల్ల వేలులా ఉంది. గంగాదేవి ఆ వేళ్ళు చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

తిమ్మక్క లేచింది. గోడకు ఆనించిన కర్ర తీసుకుంది. ఎర్రన్న తల దించుకున్నాడు.

“రేపు పొద్దెక్కినాక గుట్టకు తోలు,” అన్నదామె. “తొందరపడద్దు.”

“నేనా అత్తా?”

“మంద నీదైతే తిప్పేష్ ఎందుకు తోలతాడు?”

ఎర్రన్న కర్ర కోసం చేయి చాచాడు.

“ఇది నాకు కావల్ల. మోకాళ్ళు పట్టేసినాయి,” అన్నది తిమ్మక్క, దాన్ని ఊతంగా పెట్టుకుని ఇంటి వైపు నడుస్తూ. “నీ పొడుగుకు సరిపోయేది వేరే నరుక్కో.”